లేచినవాళ్ళు అవుట్

వాన మొదలై అది మూడో రోజు. మేముండేది పదకొండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఎదురు భవనం కనిపించాలి. ఆ రోజు పొద్దుటినుంచీ దాని జాడ లేదు, దాని చోట బూడిదరంగు నీళ్ళు నిలువుగా నిలబడి ఉన్నాయి. కింద రోడ్డు మీద కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయి, కాసేపు అలారాలు మోగించి, చివరికి అవి కూడా విసుగొచ్చి ఊరుకున్నాయి. ఎవరూ ఇల్లు కదలవద్దని గంటకోసారి ఫోన్లకి సందేశం వస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఇల్లు కదలని నాకు కూడా ప్రత్యేకంగా పంపిస్తున్నారు.

ఇంట్లో నలుగురం ఉన్నాం. నేను, మా ఆయన, అత్తయ్య, మరిది. మా ఆయన బీమా కంపెనీలో క్లెయిములు చూస్తారు. అంటే, జనం పోయిందని చెప్పుకున్న వస్తువు షరతుల ప్రకారం పోలేదని నిరూపించే ఉద్యోగం. మరిది నగరంలో రైలు నడుపుతాడు. పట్టాల మీదికి నీళ్ళు రావడంతో రైలు ఒక స్టేషన్లోనూ, అతను మా ఇంట్లోనూ నిలిచిపోయారు.

మూడు రోజులు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాక మా ఆయన ఫోన్లో ఏదో వెతికి పైకి చదివారు. “పెద్ద నగరాల్లో వాతావరణం బాగోలేనప్పుడు ఇంట్లోనే సరదాగా గడపడానికి పది మార్గాలు.”

అందరం కలిసి వంట చేయడం ఒకటట. బీరువా సర్దుకోవడం ఒకటట. మొక్కలకి పాదులు సవరించడం, పాత బట్టలు వేరు చేయడం, పుస్తకాల దుమ్ము దులపడం. పదిలో ఏడు నేను రోజూ చేసేవే. సరదా అని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు, అంతే.

మొదటి మార్గం మా ఆయనకి బాగా నచ్చింది. వంటింట్లోకి వెళ్ళి కుక్కర్లో బంగాళాదుంపలు వేసి, స్టవ్ వెలిగించి, యుద్ధం గెలిచినవాడిలా చేతులు తుడుచుకుంటూ వచ్చారు. “నా వంతు వంట అయిపోయింది. మూడు కూతలు రాగానే నువ్వు కట్టేయ్.”

“ఎనిమిదోది బోర్డు ఆటలు అన్నయ్యా. లూడో పట్టా ఉందా?” అని మరిది అడిగాడు. మా ఆయన నా వంక చూశారు. ఉంది. మంచం కింద మూడో అట్టపెట్టెలో, పాత దుప్పటి కింద. తీసుకొచ్చి బల్ల మీద పరిచాను.

ఇక్కడ నా ఆటల చరిత్ర కొంచెం చెప్పాలి. పెళ్ళయినప్పటినుంచీ ఈ ఇంట్లో పేకాటైనా, క్యారమ్సైనా, ఇంకేదైనా నన్ను పిలవకుండా మొదలుపెట్టింది లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. నాకు రెండో వంతు వచ్చేలోపు ఒకరికి మంచినీళ్ళు కావాలి, ఒకరికి కత్తెర కావాలి, ఎవరో తలుపు కొడతారు, పాలు పొంగుతాయి. నేను లేస్తాను. “నీ వంతు మేం వేస్తాంలే” అని పక్కవాళ్ళు దయ తలుస్తారు. తిరిగొచ్చేసరికి నేను గెలిచో ఓడో ఉంటాను. లెక్క ప్రకారం పదకొండు ఆటలు గెలిచాను. పదకొండూ నేను వంటింట్లో ఉండగానే.

ఒక్క ఆటంటే ఒక్క ఆట, మొదటి వంతు నుంచి చివరి వంతు దాకా, కుర్చీలోనే కూర్చుని నా చేత్తో నేనే ఆడాలని నాకు చాలా ఏళ్ళుగా ఉంది. గెలిచినా సరే, ఓడినా సరే. పైకి చెబితే ‘ఇదీ ఒక కోరికేనా’ అంటారని ఎప్పుడూ చెప్పలేదు.

“ముందు నియమాలు రాసుకుందాం,” అన్నారు మా ఆయన. ఆయనకి నియమాలు లేకపోతే నిద్ర కూడా పట్టదు. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి నంబర్లు వేశారు. ఆరు పడితేనే కాయ బయటికి. వరసగా మూడు ఆరులు పడితే ఆ వంతు రద్దు. పాచిక బల్ల మీంచి జారిపడితే చెల్లదు.

“ఒకరి ఆట ఇంకొకరు ఆడకూడదని కూడా రాయండి,” అన్నాను.

పెన్ను ఆగింది. “మరి నువ్వు లేచి వెళ్తే?”

“లేచినవాళ్ళు అవుట్ అని రాసేయండి. ఏ గొడవా ఉండదు.”

మరిది నా వంక జాలిగా చూశాడు. “వదినా, కొరివితో తల గోక్కుంటున్నావు. మొదటి వికెట్ నీదే.”

“నాదైతే నాదే. రూలు రూలే కదా.”

“అది అందరికీనా?” అని అత్తయ్య అడిగారు. అడిగి, నా మొహంలోకి కొంచెం ఎక్కువసేపే చూశారు. నేను పట్టా మీద లేని ముడతలు సరిచేశాను.

“అందరికీనే అమ్మా,” అంటూ మా ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: ‘ఆట ముగిసేలోపు కుర్చీ వదిలినవారు, కారణం ఏదైనప్పటికీ, అవుట్.’ ‘కారణం ఏదైనప్పటికీ’ అన్నది పూర్తిగా ఆయన సొంత కవిత్వం. నేను అడగలేదు. నలుగురం కింద సంతకాలు పెట్టాం. సంతకం పెట్టేముందు నేను బాత్రూముకి వెళ్ళొచ్చాను. మిగతావాళ్ళకి ఆ సలహా ఇవ్వమని ఏ నియమంలోనూ లేదు.

ఎర్ర కాయలు అత్తయ్యవి, నీలం మా ఆయనవి, పసుపు మరిదివి, ఆకుపచ్చ నావి. మా ఆయనకి మొదటి వంతులోనే ఆరు పడింది. రెండో చుట్టులో ఇంకోటి. ఆయన మొహం వెలిగిపోతుండగా కుక్కరు మొదటి కూత వేసింది.

“ఒకటి,” అన్నాను పాచిక గిలకరిస్తూ.

రెండో కూతకి ముగ్గురూ నా వైపు తిరిగారు. మూడో కూతకి మా ఆయన గొంతు సవరించుకున్నారు. “మూడయ్యాయి.”

“అయ్యాయి. మీ వంతు, వేయండి.”

“కట్టేయవా?”

“నేను లేస్తే అవుటైపోతానండీ.”

ఆ వాక్యం ఆయన బుర్రలోకి దిగడానికి నాలుగో కూత దాకా పట్టింది. ఆయన తమ్ముడి వంక చూశారు. తమ్ముడు తన కాయల్ని ఎన్నడూ చూడనట్టు చూసుకుంటున్నాడు. అమ్మ వంక చూశారు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నారు. ఐదో కూతతోపాటు వాసన కూడా వచ్చింది.

“ఇది ప్రమాదం. ప్రమాదాలకి మినహాయింపు ఉంటుంది,” అన్నారు మా ఆయన.

“కారణం ఏదైనప్పటికీ అని రాసుకున్నది నువ్వే కదరా,” అన్నారు అత్తయ్య.

ఆరో కూతకి ఆయన లేచారు. “అవుట్,” అన్నారు అత్తయ్య, పాలవాడికి ఇవాళ వద్దని చెప్పినంత తేలిగ్గా.

వంటింట్లోంచి గొంతు వచ్చింది. “స్టవ్ కట్టేశాను. లేచాను కాబట్టి టీ పెడతాను. టీపొడి ఎక్కడ?”

“పై అరలో, ఎడమవైపు. పంచదార అని రాసి ఉన్న డబ్బాలో.”

“మరి పంచదార?”

“దాని వెనక. పేరు లేని డబ్బా.”

“ఈ ఇంట్లో ఏ డబ్బాకీ ఒక పద్ధతి లేదు,” అని వినిపించింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారని నేను పట్టించుకోలేదు. నాకు ఆరు పడింది. నా కాయని నేనే బయటికి తీశాను. దాన్ని ఎనిమిదో గడిలో, పదకొండో గడిలో నేనే పెట్టాను. వినడానికి చిన్న విషయమే. నా కాయ ఎక్కడుందో ఎవర్నీ అడగకుండా తెలియడం నాకు మాత్రం కొత్త.

మరిది మంచి ఊపు మీద ఉన్నాడు. రెండు కాయలు పండించుకున్నాడు, నా కాయని ఒకదాన్ని చంపాడు, అత్తయ్యది కూడా చంపి “సారీ అమ్మా” అన్నాడు సారీ లేని గొంతుతో. అప్పుడు పడకగదిలో అతని ఫోను మోగింది.

“వదినా, అది కాస్త...”

“కిటికీ పక్కన, ఛార్జరుకి పెట్టి ఉంది.”

“తెచ్చిస్తావా?”

“ఎలా తేను నాయనా?”

ఫోను ఆగి మళ్ళీ మోగింది. “కంట్రోల్ రూము అయ్యుంటుంది. రైళ్ళు వదులుతున్నారేమో.” పాపం, అతని మొహానికి నిజంగానే చెమట పట్టింది. లేవలేడు, ఊరుకోలేడు. ఉన్నట్టుండి కుర్చీని రెండు చేతులా పట్టుకుని, దానితో సహా ఒక గెంతు గెంతాడు.

“ఇదేం ఆట?” అన్నాను.

“కుర్చీ వదల్లేదు కదా.”

అవుటైపోయిన మా ఆయనే తీర్పరి. ఆయన కాగితం తెచ్చి చదివి, చాలాసేపు ఆలోచించి, “కుర్చీ వదలకూడదని ఉంది. కుర్చీ కదలకూడదని లేదు,” అని తీర్పు చెప్పారు. వృత్తి ధర్మం.

మరిది కప్పలా గెంతుకుంటూ హాలంతా దాటాడు. కింద అంతస్తువాళ్ళు వాన లోపలికి వచ్చేసిందని అనుకుని ఉంటారు. పడకగది గుమ్మం దగ్గర కుర్చీ ఇరుక్కుంది. ఫోను ఇంకా రెండు మూరల దూరంలో మోగుతోంది. అతను ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేయి చాచి, ఇంకొంచెం చాచి, మొత్తం మనిషి చాపలా నేల మీద పరుచుకున్నాడు. కుర్చీ గుమ్మంలోనే ఉండిపోయింది.

“అవుట్,” అన్నారు అత్తయ్య వెనక్కి తిరగకుండానే.

పడుకునే ఫోను తీశాడు. విని, పెట్టేశాడు. “వరద బీమా కావాలా అని అడుగుతోంది ఒకావిడ.”

మా ఆయన టీ గ్లాసులు అందిస్తూ, “ఏ కంపెనీయో చెప్పిందా?” అని ఆసక్తిగా అడిగారు.

ఇక మిగిలింది అత్తా కోడళ్ళం. ఆవిడవి మూడు కాయలు పండాయి, నావి రెండు. మగవాళ్ళిద్దరూ చెరో కుర్చీ వెనకా నిలబడ్డారు. చితికి ముద్దయిన బంగాళాదుంపల మీద ఉప్పు చల్లి ఎవరో నా చేతికి ప్లేటు కూడా ఇచ్చారు. నా ఇంట్లో, నేను కూర్చుని ఉండగా, నా చేతికి. ఎవరిచ్చారో కూడా చూడలేదు, ఆట అంత బిగువుగా ఉంది.

నా మూడో కాయ కూడా పండింది. అప్పుడు గాలి తిరిగింది. జల్లు సూటిగా బాల్కనీలోకి కొట్టడం మొదలైంది.

“అమ్మాయ్, తీగ మీద బట్టలు,” అన్నారు అత్తయ్య నెమ్మదిగా.

నా మోకాళ్ళు నన్ను అడగకుండానే లేవబోయాయి. నడుము సగం ముందుకి వంగింది. చేతులు కుర్చీని నొక్కాయి. కుక్కరుకీ, ఫోనుకీ చలించనిదాన్ని, నాలుగు తువ్వాళ్ళకి లేవబోతున్నాను. అత్తయ్య కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆ కళ్ళని చూశాక అర్థమైంది. ఆవిడకి బట్టల మీద బెంగ లేదు. నేను లేస్తానా లేదా అని చూస్తున్నారు.

నేను చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. “తడవనివ్వండి అత్తయ్యా. మూడు రోజులుగా ఆరనివి, ఇప్పుడు కొత్తగా తడిసేదేముంది?”

ఆవిడ నవ్వారు. పళ్ళ సెట్టు కదిలేంత నవ్వు. “మీ మామగారు ఒకసారి నాకు చదరంగం నేర్పుతానని కూర్చోబెట్టారు. నేను రెండో ఎత్తు వేసేలోపు కాఫీ అడిగారు.”

“తర్వాత?”

“కాఫీ ఇచ్చాను. బల్ల తీసేశారు.” అంతే చెప్పి, పాచిక వేసి, మూడు గడులు నడిచారు. ఇంకో ఐదు గడులు వెళ్తే ఎర్ర దారిలోకి వెళ్ళిపోతారు, ఇక ఎవరూ ముట్టుకోలేరు. నా చివరి కాయ ఆవిడకి నాలుగు గడుల వెనక ఉంది.

నేను వేశాను. నాలుగు పడింది.

చేయి గాల్లోనే ఆగిపోయింది. పండటానికి అంత దగ్గరికొచ్చిన కాయని, అందులోనూ డెబ్భై ఆరేళ్ళ అత్తగారి కాయని చంపాలంటే చేయి రాదు. నా వెనక మరిది “వదినా, వదినా” అని గుసగుసలాడుతున్నాడు. ఎదురుగా మా ఆయన “అమ్మ పెద్దది” అని ఎవరినీ ఉద్దేశించనట్టు అన్నారు.

“ఏం చూస్తావ్? చంపు,” అన్నారు అత్తయ్య. “మొహమాటం ఆ వంటింట్లో పెట్టుకో. ఇక్కడికి ఆడటానికి వచ్చాం.”

చంపాను. ఎర్ర కాయని పట్టుకెళ్ళి మొదటి ఇంట్లో పెట్టాను. ఆవిడ “ఊఁ” అన్నారు, బాగా వండిన కూర రుచి చూసినట్టు.

నాకు ఇంకా సగం చుట్టు మిగిలింది. ఆవిడకి ఆరు పడాలి. నాలుగు వంతుల్లో పడనే పడింది. ఎర్ర కాయ బయటికొచ్చి, పగబట్టినట్టు నా వెంటపడింది. ఐదు వేసి దగ్గరికొచ్చారు. నేను రెండు వేసి తప్పించుకున్నాను. ఆవిడ ఆరు, మళ్ళీ నాలుగు. వెనకే ఒక్క గడి దూరంలో ఎర్ర కాయ. “ఒకటి పడితే పోయావు వదినా,” అన్నాడు మరిది, నాకు తెలియనట్టు. నేను మూడు వేసి ఆకుపచ్చ దారిలోకి అడుగుపెట్టాను. అత్తయ్య వంతు వచ్చింది. ఒకటి పడింది.

“ఒక్క వంతు ఆలస్యమైంది,” అన్నారు ఆవిడ, బస్సు తప్పిపోయినట్టు.

పండటానికి నాకు సరిగ్గా మూడు కావాలి. ఐదు పడింది. మళ్ళీ ఆరు, దాని మీద నాలుగు. ఈలోగా ఎర్ర కాయ ఆగకుండా నడుస్తూనే ఉంది. పాచికని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఆడించాను. బయట వాన ఎంత పెద్దగా కురుస్తోందో, ఎన్ని గంటలైందో నాకు తెలియదు. వంటింట్లో ఏం ఉందో, ఏం లేదో కూడా తెలియదు. వేశాను.

మూడు.

నా కాయని నా వేళ్ళతో, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టి మధ్యలో పెట్టాను. మరిది నా కుర్చీ వెనక ఈల వేశాడు. మా ఆయన కాగితం తీసి, విజేత పేరు రాయడానికి గడి గీయలేదని గుర్తొచ్చి, మార్జిన్లో రాసుకున్నారు. అత్తయ్య చేయి చాచి నా చేయి గట్టిగా ఊపారు, మగవాళ్ళు షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నట్టు.

ఆట అయిపోయింది కాబట్టి లేద్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు. రెండు గంటలు ఒకే చోట కూర్చుంటే తిమ్మిరెక్కుతాయని వినడమే కానీ, నాకు ఎప్పుడూ అనుభవం లేదు. తొడలనుంచి పాదాల దాకా చీమలు పాకుతున్నాయి. రాజ్యం గెలిచినవాళ్ళకి కూడా ఇంత హాయిగా ఉంటుందని నేననుకోను.

“ఏమైంది?” అని మా ఆయన అడిగారు.

“ఏం లేదు. తిమ్మిరి.”

అత్తయ్య అప్పటికే కాయలన్నీ ఒక్క చేత్తో ఊడ్చి రంగులవారీగా పేరుస్తున్నారు. “పోనీలే, ఎందుకు లేవడం? ఇంకో ఆట వేద్దాం,” అన్నారు. “ఈసారి ఆకుపచ్చవి నాకివ్వు.”