గుంట లేని నేల

పాత హాలు ఒకప్పుడు సరుకుల గోదాము. దాన్ని బాస్కెట్‌బాల్ హాలుగా మార్చి చెక్క నేల వేసేదాకా ఈ ప్రాంతంలో వాన పడితే ఆట ఆగిపోయేది. ఇక్కణ్నుంచి జాతీయ జట్టుకు వెళ్లినవాళ్లంతా ఆ నేల మీద ఆట నేర్చుకున్నవాళ్లే. ఊరి జట్టు అక్కడ ఏ ఫైనలూ ఓడిపోలేదు. ఆ మాట చెప్పి చెప్పి ఊరివాళ్లు కొత్త స్టేడియం సాధించారు.

ఎడమవైపు రింగుకు కాస్త ముందు ఆ నేల చచ్చిపోయి ఉండేది. కప్పు కారి, చెక్క కింది దూలాలు మెత్తబడ్డాయి. అక్కడ కొట్టిన బంతి మోకాలి దాకా కూడా లేచేది కాదు. ఊరి ఆటగాళ్లు ఆ చోటును గుంట అనేవారు. చూస్తే గుంటేమీ కనపడదు. సీనియర్లు జూనియర్లకు కాలితో తొక్కి చూపించేవారు, బయటివాళ్లకు చెప్పేవారు కాదు. వచ్చిన జట్టును అటు తోసి, బంతి చేతికందక వాళ్లు తడుముకుంటుంటే లాక్కునేవారు. కప్పు బాగుచేసిన మేస్త్రీ నేల కూడా చూస్తానంటే, నేలకేం కాలేదని పంపించింది ఇప్పుడు ఊరి ఆడపిల్లల జట్టుకు ఉన్న కోచే.

అప్పట్లో అతను జట్టు కెప్టెన్. ఒక ఫైనల్లో పక్క ఊరి తరఫున ఆడింది సొంత బావమరిది. ఆట అయిపోవస్తుండగా బంతి బావమరిది చేతిలో ఉంది. కోచ్ అతణ్ని గుంట మీదికి నెట్టుకెళ్లాడు. బంతి లేవలేదు. ఆ రోజు నుంచి బావమరిదికి జారుడుచెయ్యి అనే పేరు స్థిరపడింది. అతను ఆడటం మానేశాడు. చాలా కాలానికి పక్క ఊళ్లో ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. కోచ్ ఇంటికొస్తే అక్క మంచినీళ్ల గ్లాసిస్తూ, "రెండు చేతులతో పట్టుకోరా" అనేది. అందరితో పాటు కోచ్ కూడా నవ్వేవాడు.

కొత్త స్టేడియంలో మొదటి ఆట ఈ ఇద్దరి జట్ల మధ్యే పడింది.

"ఏం బావా, కొత్త ఇంట్లోనైనా గెలవనిస్తావా?"

"నీ పిల్లల చేతులకు జిగురు రాసి తెచ్చావా మరి?"

ఆట చివరికొచ్చింది. ఊరి జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి కోచ్ కూతురి చేతిలో ఉంది. ఆమె ఆట నేర్చుకుంది పాత హాల్లోనే. ఎడమవైపు అడ్డం ఎవరూ లేరు. నేరుగా వెళ్లి రింగులో వేస్తే సరిపోయేది. ఆమె రింగు ముందు ఖాళీ నేలను చుట్టి వచ్చింది. కాలు కోర్టు అంచు గీత దాటింది. రిఫరీ విజిల్ వేశాడు. ఆట ముగిసింది.

పై వరసలో పాత ఆటగాళ్లు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు.

పక్క ఊరి పిల్లలు ఒకరినొకరు వాటేసుకుంటున్నారు. వాళ్ల కోచ్ మాత్రం ఆ ఖాళీ చోటికి వెళ్లి బంతి కొట్టాడు. చేతిలోకి వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ వచ్చింది.

"ఇక్కడేముందని తప్పుకుంది బావా అమ్మాయి?"

"కంగారు పడింది."

"కంగారా." బంతిని బావ చేతిలో పెట్టాడు. "మా నాన్న పోయేదాకా నన్నూ అదే అన్నాడు. కంగారుపడి చేజార్చావురా అని."

వెళ్లి తన బెంచీ మీద కూర్చున్నాడు.

కూతురు మెడలో తువ్వాలుతో వచ్చింది. "మావయ్య బంతి వదిలింది గుంట దగ్గరేనా నాన్నా?"

కోచ్ బంతిని అటూ ఇటూ తిప్పాడు.

"జారుడుచెయ్యి మావయ్యా అని పిలిచేదాన్ని. నువ్వు పక్కనే ఉండి విన్నావు."

అప్పుడే మైకులో అతణ్ని పిలిచారు. ఎదుటి గోడ మీద ఒక ఫలకానికి తెర కట్టి ఉంది. సొంత నేలపై ఏ ఫైనలూ ఓడని జట్టు అని చెక్కించి, కింద అతని పేరు వేశారు. తెర అతనే తీయాలి. కోచ్ కోర్టుకు అడ్డంగా నడిచాడు. ఎడమ రింగు దగ్గర కాళ్లు వాటంతటవే పక్కకు తిరిగాయి. పై వరసలో ఎవరో దగ్గారు.

తాడు అందించిన వ్యాఖ్యాతతో, "ఇవాళ వద్దండి" అన్నాడు.

"ఎందుకు సార్?"

"వద్దు. తీసెయ్యండి దాన్ని."

వ్యాఖ్యాత మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఓడినరోజు సన్మానం వద్దంటున్నారు మన కోచ్ గారు. అదీ ఆయన పెద్దరికం. గట్టిగా చప్పట్లు కొట్టండి."

జనం లేచి నిలబడ్డారు. కూతురు తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడింది. బెంచీ మీద బావమరిది కూడా అందరిలాగే చప్పట్లు కొడుతున్నాడు.

కోచ్ చెయ్యి చాచి మైకు అడిగి తీసుకున్నాడు.

"మా బావమరిది చెయ్యి జారలేదు" అన్నాడు.

చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. అవి ఆగేదాకా నిలబడి, మళ్లీ మొదటినుంచి చెప్పాడు.