నయం కాలమ్

లెక్కల మేడమ్‌కి పిన్ని అంటే ప్రాణం. ఆ పిన్నికి ఏడాది కిందట పెట్టిన కృత్రిమ మోకాలికి చీము పట్టింది. మోకాలు మార్చుకున్నానే గానీ నా రాత మారలేదే అని నవ్వుతూనే ఆస్పత్రిలో చేరింది. అక్కడ రెండు దారులు చూపించారు: కీలు ఉంచి కడగడం, లేదా తీసేసి కొన్నాళ్ళాగి కొత్తది పెట్టడం. మధ్యాహ్నం రెండింటికల్లా ఏదో ఒకదానికి సంతకం పెట్టాలి. వేరే ఎముకల ఆస్పత్రిలో, పరిశోధన విభాగంలో లెక్కలు కట్టే ఈ అక్క కూతురు ఉండగా పిన్ని ఇంకెవరి మాట వింటుంది? కడిగితే ముప్పై మందిలో ఇరవై ఏడుగురికి నయమైందని తమ పెద్ద డాక్టరు వ్యాసంలోనే ఉందని ఈవిడ పొద్దున ఫోన్లో ధీమాగా చెప్పేసింది.

ఆ రోజు ఆవిడ పని కూడా ఆ ముప్పై మందితోనే. కీళ్ళ ఇన్ఫెక్షన్ మీద ఒక్కో ఆస్పత్రీ ఒక్కో తీరుగా ఫలితాలు రాస్తోందని, అందరికీ ఒకే ఫారం తయారుచేయమని కమిటీ వేశారు. కమిటీ ఆర్నెల్లు కూచుని ఫారానికి పేరు పెట్టింది. ఆ ముప్పై మంది పాత ఫైళ్ళు చూసి నింపే పని ఈవిడ నెత్తిన పెట్టింది.

పదకొండో ఫైలు దగ్గర చెయ్యి ఆగిపోయింది. 'ఫలితం: నయం' అని ఉంది. దాని కింద, తొడ దగ్గర కాలు తీసివేత. పక్క ఫైలు కాగితం కలిసిందేమోనని నంబరు చూసింది. అదే నంబరు. పద్నాలుగోదీ అంతే. కాలమ్‌లో మనిషి ఉన్నాడు, మనిషికి కాలు లేదు. ఇరవయ్యో ఆయన నెల తిరక్కుండానే కాలం చేశాడు. ఆయనా నయం కాలమ్‌లోనే. మాటలతో ఆడుకోవడం ఆవిడకి సరదాయే గానీ, ఈ ఆట ఆవిడ మొదలెట్టింది కాదు. నయమని రాసిన ఇరవై ఏడు ఫైళ్ళూ మొదటినుంచి లెక్కపెట్టింది. కాళ్ళు పోయినవాళ్ళు నలుగురు, మనుషులే పోయినవాళ్ళు ముగ్గురు, బతికినంత కాలం మాత్రలు మింగాల్సినవాళ్ళు ఐదుగురు.

ఫైళ్ళు గుండెకి హత్తుకుని పెద్ద డాక్టరు గదికి పరుగెత్తింది. ఆయన కోప్పడలేదు, కంగారూ పడలేదు. రెండేళ్ళలోపు అదే మోకాలికి చీము తిరగబెట్టకపోతే నయమని రాయడం తమ వాడుక అన్నాడు.

"మోకాలే లేనివాడికి మోకాల్లో చీమెలా పడుతుందమ్మా?"

ఆయన అది జోకుగా అనలేదు. ఆవిడ గోడ గడియారం చూసింది.

ఒకటిన్నరకి పిన్నికి ఫోన్ చేసి, పొద్దున చెప్పిన ఇరవై ఏడు నిజానికి పదిహేనే అని, ఎందుకో కూడా చెప్పింది.

"ఆ పదిహేనుమందీ లేచి నడుస్తున్నారా?" అంది పిన్ని.

ఈవిడ గబగబా ఫైళ్ళు తిరగేసింది. ఒక్కదాన్లోనూ ఆ ప్రశ్నే లేదు. "ఎవరూ అడగలేదు పిన్నీ."

"నయమే, సంతకం పెట్టకముందే చెప్పావు. నా మట్టుకు నయమంటే, ఒకరి చెయ్యి పట్టుకోకుండా వీధి గేటుదాకా వెళ్ళి రావడం. రాసుకో. ఎంతమంది వెళ్తున్నారో కనుక్కుని చెప్పు. కాలు నాది, కలమూ నాదే."

లెక్కల మేడమ్ కొత్త ఫారం మొదటి గడిలో ఆ ప్రశ్న రాసి, పదిహేనుమందిలో మొదటి నంబరు కలిపింది. నడుస్తున్నారా అని అడిగింది. అవతల పెద్దాయన మంచం మీంచే ఇంట్లోకి కేకేశాడు, "ఇదిగో, నేను నడుస్తున్నానా అని ఆస్పత్రి వాళ్ళు అడుగుతున్నారు."

ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.