గంటన్నర ప్రయాణం

నేను ఒక థర్మాకోల్ పెట్టెను. ఎత్తితే బరువుండను, చూస్తే అందముండదు. అయినా డబ్బు కట్టి మరీ నన్ను విమానం ఎక్కించారు. నన్ను చేసిన మనుషుల్లో సగంమంది దాన్ని ఇంతవరకూ ఎక్కలేదు.

భీమిలి దగ్గర రొయ్యపిల్లల్ని పొదిగించి చెరువులకు అమ్మే ఒక హేచరీలో చేరాను. అక్కడ పన్నెండేళ్లుగా ప్యాకింగు అప్పలకొండదే. ప్లాస్టిక్ సంచిలో ఉప్పునీళ్లు పోసి, కంటికి ఆనీ ఆనని పిల్లల్ని వదిలి, ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి నాలో పెట్టేది. మూత వేసేముందు చెయ్యి పెట్టి చల్లదనం చూసుకునేది.

ఆ ఏడు తెగులొచ్చి తొట్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటే మిగిలింది. దానికి కోల్‌కతా నుంచి బేరం వచ్చింది. ఈ పిల్లలు బతికి చేరితే హేచరీ నడుస్తుంది, లేకపోతే తాళమేనని యజమాని ముందే చెప్పేశాడు. అప్పలకొండకు ఆ పని తప్ప వేరే ఆధారం లేదు.

మేనేజరు జోగారావు ఫోనులో చూశాడు. విశాఖ విమానాశ్రయం నుంచి కోల్‌కతా విమానాశ్రయానికి ఏడు వందల పైచిలుకు కిలోమీటర్లు, గంటన్నర. అంతే, కిరాయి కలిసొస్తుందని పదహారు పెట్టెల పిల్లల్ని ఎనిమిదింటిలో సర్దెయ్యమన్నాడు అప్పలకొండతో. గదిలో అప్పుడు వాళ్లిద్దరూ, మా పెట్టెలూ తప్ప ఎవరూ లేరు.

"ఇమానం గంటన్నరే బాబూ. ఇక్కడ్నుండి ఇమానం కాడికెంత, అక్కడ దిగి సెరువు కాడికెంత, అది నెక్కెయ్యరేటి? ఎక్కడన్నా ఆగిపోనాదంటే గాలి సాల్దు. పదారు పెట్టెలూ కట్టీద్దుం."

"చెప్పింది చెయ్యమ్మా."

ఆమె చేసింది.

ప్రయాణికుల సామాను ఎక్కువైందని పొద్దుటి విమానం నుంచి మమ్మల్ని దించేశారు. మధ్యాహ్నం దాంట్లో పంపుతామన్నారు. రేకుల షెడ్డులో అయిదు గంటలు పడి ఉన్నాం. మొదట్లో పిల్లల కదలిక నా గోడలకు గిలిగింతలా తగిలేది. తర్వాత తగ్గింది. ఆ తర్వాత లేదు. విమానం మాత్రం సరిగ్గా గంటన్నరలో చేర్చింది. అంతవరకూ జోగారావు లెక్క తప్పలేదు.

పొద్దుగూకేవేళ చెరువు గట్టు మీద రైతు మూత తీశాడు. సంచి పైకెత్తి చూశాడు. పిల్లలన్నీ చచ్చి అడుగున తెల్లగా పేరుకుని ఉన్నాయి. అక్కడే చతికిలబడ్డాడు. బేరం కుదిర్చి వెంట వచ్చిన తెలుగు ఏజెంటు ఫోను స్పీకరులో నా మూత మీద పెట్టి జోగారావుతో మాట్లాడాడు.

"ప్యాకింగులో తప్పు జరిగిందండీ," అన్నాడు జోగారావు, ఏమాత్రం తడుముకోకుండా. "సంచికి మోతాదు మించి పోసేసిందండీ ఆవిడ. చెప్పినా వినలేదు. రేపట్నుంచి రావద్దనేస్తున్నాం."

ఇప్పుడు ఆ చెరువు వెనక చెత్తకుప్పలో ఉన్నాను. హేచరీకి తాళం పడిందని ఆ ఏజెంటు ఒకసారి ఇటు వచ్చినప్పుడు ఎవరితోనో అంటుంటే విన్నాను. అప్పలకొండ పేరు చెబితే చుట్టుపక్కల ఏ హేచరీలోనూ గేటు తియ్యడం లేదట. నేను కుళ్లను, కరగను, ఎన్నేళ్లయినా ఇలాగే ఉంటానట. ఎనిమిదింటిలో సర్దొద్దని ఆమె ముందే అంది. ఆ మాట విన్న మనిషి ఒక్కడే, వాడు జోగారావు.