మూడు గుండ్రాలలో ఒక పాదం

పుండ్ల బొమ్మలు దిద్దే పనంటే ఆ డిజైన్ షాపులో అందరూ మొహం చాటేసేవాళ్లు. అందుకని అది తిరిగి తిరిగి వచ్చి పిచ్చుక నెత్తిన పడింది. ఆమె అసలు పేరు కాగితాల్లో ఎక్కడో ఉంది గానీ, చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదని పిన్ని పెట్టిన ముద్దుపేరే ఇంట్లోనూ షాపులోనూ స్థిరపడిపోయింది. ముప్పై రెండేళ్ల మనిషిని పట్టుకుని ఇంకా పిచ్చుక ఏమిటని ఎవరూ అడగలేదు. ఆమే అడగలేదు.

షాపు యజమానికి పనివాళ్లు పెట్టిన పేరు తొందరయ్య. ఏ పనైనా ఆయన నోట "సాయంత్రానికి" అన్న మాటతోనే మొదలవుతుంది.

"సాయంత్రానికి కావాలమ్మాయ్. కాళ్ల పుండ్లు మాన్పే క్లినిక్ వాళ్లది. పాత కరపత్రం ఫైలిచ్చారు. అందులో ఫొటోలు గుండ్రాల్లో ఉన్నాయిగా, వాటిని చదరాలు చేసి గోడంత పోస్టరు కొట్టాలి. అంతే, అరపూట పని."

క్లినిక్ మేనేజరు అప్పటికే స్టూలు లాక్కుని ఆమె భుజం పక్కన కూర్చున్నాడు. చేతిలో క్రీము బిస్కెట్ల పొట్లం. ఫైలు తెరవగానే తెర మీద మూడు గుండ్రాలు వచ్చాయి. మొదటి దాని కింద 'మొదటి వారం', రెండో దాని కింద 'మూడో వారం', చివరి దాని కింద 'ఆరో వారం' అని రాసి ఉంది. మొదటి గుండ్రంలో మడమ పక్కన పుండు. అంచులు తెల్లగా నాని, నడుమ పసుపూ నలుపూ కలిసిన బురదలా ఉంది. పిచ్చుక చూపు పక్కకు తిప్పుకుంది. పొద్దున తాగిన టీ గొంతులోకి వచ్చి వెనక్కి పోయింది.

"ఇది ఇంకొంచెం ఎర్రగా చెయ్యండి మేడమ్," అన్నాడు మేనేజరు, బిస్కెట్ చీల్చి క్రీము నాకుతూ. "పోస్టరు దూరం నుంచి చూస్తారు కదా. చూడగానే కడుపులో తిప్పాలి. అప్పుడే ఆరో వారం చూసి ప్రాణం లేచొస్తుంది."

అంటూ వేలు తెర మీద, సరిగ్గా పుండు మధ్యలో పెట్టాడు. వేలు తీశాక అక్కడ ఒక బిస్కెట్ ముక్క అంటుకుని ఉండిపోయింది. పిచ్చుక గుడ్డతో తుడిచింది. తుడిచిన గుడ్డను మళ్లీ బల్ల మీద పెట్టబుద్ధి కాక చెత్తబుట్టలో వేసింది. ఇంతలో అతనికి ఫోనొచ్చి బయటికి వెళ్లాడు.

ఈ పనిలో చూసేవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. ఫొటో మీద గుండ్రం గీసి, రెంటినీ కలిపి పట్టుకుని క్లిప్పింగ్ మాస్క్ చేస్తే, గుండ్రం లోపలిది మాత్రమే కనిపిస్తుంది. బయటిది కనిపించదు గానీ ఎక్కడికీ పోదు. ఫైల్లో అలాగే కూర్చుని ఉంటుంది. మాస్క్ విప్పితే మొత్తం ఫొటో మళ్లీ బయటపడుతుంది. గుండ్రాన్ని చదరం చేయాలంటే విప్పక తప్పదు. పిచ్చుక మొదటి దాన్ని విప్పింది.

ఫొటో తెర నిండా పరుచుకుంది. ఆకుపచ్చ రెక్సిను బల్ల, దాని మీద మోకాలి దాకా ఒక కాలు, బల్ల అంచున వేలాడుతున్న గళ్ల చీర కొంగు. మడమ కింద ఆ కాలిని ఎత్తి పట్టుకున్న ఒక చెయ్యి. ఆ చేతి బొటనవేలి మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ.

పిచ్చుక తన బొటనవేలి వంక చూసుకుంది.

రెండేళ్ల క్రితం సంగతి. ఆమెను పెంచిన పిన్నికి షుగరు. కొత్త చెప్పు కరిచి పుండు పడితే ఈ క్లినిక్‌కే తీసుకెళ్లింది. "కాస్త ఎత్తి పట్టుకోమ్మా, రికార్డు కోసం," అని డాక్టరు ఫోనుతో ఫొటో తీశాడు. ఆ వాసనకి ఊపిరి బిగబట్టి ఆమె పాదాన్ని ఎత్తి పట్టుకుంది. ఆరు వారాలు అదే లేపనం, అదే కట్టు, అదే మాట: "మానుతోందమ్మా, లోపల్నుంచి మానుతోంది." ఏడో వారానికి వేళ్లు నల్లబడ్డాయి. పెద్దాసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. కాలితో తొక్కే కుట్టుమిషను మీద ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి పిన్ని.

పిచ్చుక రెండో గుండ్రం విప్పింది. అందులోనూ అదే ఫొటో. అదే కొంగు, అదే చెయ్యి. మూడో వారమూ లేదు, పాడూ లేదు. దాని మీద నున్నటి చర్మం ఫొటో ఒకటి పరిచి, దానికి ఇంకో రకం మాస్కు వేశారు. ఆ మాస్కులో తెలుపున్న చోట పైది కనిపిస్తుంది, నలుపున్న చోట కనిపించదు, బూడిద రంగున్న చోట సగం సగం. పుండు చుట్టూ ఎవరో ఓపిగ్గా బూడిద రంగు పూసుకుంటూ వచ్చారు. అంచులు మానినట్టు, నడుమ ఇంకా కాస్త ఎరుపు మిగిలినట్టు. పనితనం బాగుంది. బాగుందని తన కన్ను ఒప్పుకోవడమే పిచ్చుకకి అన్నిటికన్నా అసహ్యమనిపించింది.

మూడోది విప్పింది. ఎవరో పడుచుపిల్ల పాదం, పక్కన పూలు, వేళ్లకి ఎర్రటి గోళ్లరంగు. కాళ్లకు రాసుకునే క్రీము ప్రకటనలో ఫొటో అది. ఎడమ పాదాన్ని అద్దంలోలా తిప్పి కుడి పాదం చేశారు. గోళ్లు గుండ్రానికి అవతల పడేట్టు చూసుకున్నారు.

పిచ్చుక లేచి వెనక బాత్రూములోకి పరుగెత్తింది. టీ అంతా బయటికి వచ్చేసింది. నోరు పుక్కిలించుకుని వచ్చేసరికి మేనేజరు తెర ముందు నిలబడి ఉన్నాడు.

"అయ్యో, ఇదంతా ఎందుకు విప్పారు మేడమ్? మనకి కావాల్సింది పుండొక్కటే కదా!"

"ఇది మా పిన్ని కాలు."

అతను తెర వంకా ఆమె వంకా చూశాడు. మొహంలో సిగ్గు వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. అతనికి నవ్వొచ్చింది.

"అలాగా! అయితే మనవాళ్లే అన్నమాట. ఎలా ఉన్నారు ఆవిడ?"

"కాలు తీసేశారు."

"అయ్యో పాపం," అన్నాడు నవ్వు చెరిగిపోకుండానే. "షుగరు అంతేనండీ, ఎవరి చేతిలో ఉంది? అయినా మొహం లేదుగా, పేరు లేదుగా. పాదాన్ని ఎవరు గుర్తుపడతారు?"

పిచ్చుక తొందరయ్య గదిలోకి వెళ్లి మొత్తం చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. విన్నంతసేపూ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. విన్నాక కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మనం డాక్టర్లమా అమ్మాయ్? ఇచ్చింది దిద్దుతాం, అంతేగా. నీకు కష్టంగా ఉంటే పక్క సీటులో అబ్బాయికి ఇచ్చెయ్. సాయంత్రానికి మటుకు కావాలి."

"ఎవరు చేసినా అది అబద్ధమే కదా సార్."

"పోస్టరంటేనే కాస్త అటూ ఇటూ ఉంటుంది."

ఆమె సీటుకి వచ్చి, ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, సంచీ తీసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటికి నడిచింది. దారిలో గోడల మీద ఏ ప్రకటన కనబడినా, దాని అంచుకు అవతల ఏముందోనని ఆగి చూసింది.

పిన్ని కిటికీ దగ్గర కొత్త మిషను ముందు కూర్చుని ఉంది. మోటారుతో నడిచే మిషను, ఎడమ కాలితో మీట నొక్కుతోంది. కర్ర కాలు విప్పి గోడకి ఆనించింది. చెప్పాలా వద్దా అని పిచ్చుక తలుపు దగ్గరే తచ్చాడింది.

"మొహం అలా వేలాడేశావేంటే? ఉద్యోగం పోయిందా?"

"పోయినట్టే ఉంది పిన్నీ."

"పోతే పోయింది. ఎందుకు పోయిందో చెప్పు."

పిచ్చుక లాప్‌టాప్ తెరిచి చూపించింది. ముందు మూడు గుండ్రాలు, తర్వాత ఒక్కోటీ విప్పి. పిన్ని కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని పిచ్చుక భయపడింది.

"అంటే వీళ్లు కత్తిరించలేదు," అంది పిన్ని చివరికి. "గుడ్డ ఎక్కువైతే మేం లోపలికి మడిచి కుట్టేస్తామే, అలా చేశారు. కుట్టు విప్పితే మళ్లీ అంతా ఉంది."

"అవును పిన్నీ."

"ఇది నా చీరే. ఈ చీర ఇప్పుడు మసిగుడ్డలయింది." వేలితో తెర మీది మడమను తాకబోయి ఆగిపోయింది. "ఛీ. ఎంత కంపు కొట్టేదే ఇది! నువ్వు ముక్కు మూసుకోకుండా ఎలా పట్టుకున్నావో అప్పుడు."

తర్వాత మూడో గుండ్రం చూసింది. ఎర్రటి గోళ్లు చూసి పిన్ని పెదవులు బిగుసుకున్నాయి.

"నా కాలు కుళ్లబెట్టి పంపించి, దాని బదులు ఇది మొలిచిందని చెప్పుకుంటున్నాడా? ఆ కర్ర కాలు ఇలా అందివ్వు, పట్టీలు సరిచూసుకుంటాను. రేపు పొద్దున్నే వెళ్దాం."

మర్నాడు పదింటికి క్లినిక్ వరండాలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. అందరి కాళ్లకీ కట్లు. మందు వాసన కింద నుంచి ఆ పాత వాసన పిచ్చుక ముక్కుకి తగిలింది. బల్ల మీద పాత కరపత్రాల కట్ట. పిన్ని ఒకటి తీసుకుని, నడుమ కుర్చీలో కూర్చుని, చీర మోకాలి దాకా లాగి, కర్ర కాలు విప్పి ఒళ్లో పెట్టుకుంది. పక్కావిడ ఉలిక్కిపడింది.

"భయపడకమ్మా. ఈ మొదటి బొమ్మలో కాలు నాదే. ఇందులో మానిపోయిందిగా, అది ఎక్కడికి పోయిందని అడగడానికొచ్చాను."

వరండా అంతా గొంతులు లేచాయి. మేనేజరు పరుగున వచ్చి, పిన్ని కర్ర కాలు తొడుక్కోగానే ఇద్దరినీ డాక్టరు గదిలోకి తోశాడు. డాక్టరు తెల్లటి వేళ్లతో కరపత్రం అటూ ఇటూ తిప్పాడు. పిన్నిని గుర్తుపట్టాడని అతని కళ్లే చెప్పాయి.

"చూడమ్మా, పుండ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఇది మీదేనని ఎలా చెప్పగలరు? ఇంత గుండ్రంలో ఏం తెలుస్తుంది?"

పిచ్చుక లాప్‌టాప్ అతని బల్ల మీద పెట్టి మాస్క్ విప్పింది. కాలు, కొంగు, చెయ్యి. తన బొటనవేలు తెర పక్కన పెట్టి చూపించింది. రెండోది విప్పింది. మూడోది విప్పింది. ఎర్రటి గోళ్లు బయటపడ్డాయి.

డాక్టరు మొహం కందిపోయింది. మేనేజరు వైపు తిరిగాడు.

"ఫైలు ఇలా ఎందుకిచ్చావయ్యా? అంతా కలిపి ఒకే బొమ్మగా చేసి ఇవ్వమని చెప్పానా లేదా?"

ఆ మనిషికి తప్పు ఎక్కడ కనిపించిందో అర్థమయ్యేసరికి పిచ్చుకకి నిన్నటి వాంతి రుచి మళ్లీ నాలుక మీదికి వచ్చింది. అతను పిన్ని వైపు తిరిగి, గొంతు మార్చి, మెత్తగా అన్నాడు.

"అమ్మా, జరిగిందేదో జరిగింది. మీ రెండో కాలికి ఏ ఇబ్బందొచ్చినా జీవితాంతం ఇక్కడ ఉచితంగా చూస్తాం."

"నా రెండో కాలి వంక చూడకు," అంది పిన్ని. "పిచ్చుకా, లే. ఇక్కడ కూర్చుంటే ఒళ్లంతా జిడ్డుగా ఉంది."

మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. వరండాలో పిన్ని పక్కన కూర్చున్నావిడ, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"అక్కా, నాది అయిదో వారం. లోపల్నుంచి మానుతోందంటున్నాడు."

పిన్ని మెట్టు మీదే కూలబడి ఆవిడ కాలు ఒళ్లోకి తీసుకుంది. కట్టు విప్పింది. పిచ్చుక ఈసారి చూపు తిప్పుకోలేదు. రెండు వేళ్ల సందున నలుపు మొదలైంది. పిన్ని కరపత్రం వెనక పిచ్చుక చేత పెద్దాసుపత్రి పేరూ గది నంబరూ రాయించి ఆవిడ చేతిలో పెట్టింది.

"రేపనకు. ఇట్నుంచి ఇటే వెళ్లు."

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. పిచ్చుక ఆటో పిలిచి ఆవిడని ఎక్కించి, తనూ పక్కన కూర్చుంది. పిన్ని ముందు సీటులో డ్రైవరు పక్కన ఇరుక్కుని, దారి పొడుగునా అతన్ని తొందరపెట్టింది.

ఆ వారమే పిచ్చుక వైద్యశాఖ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చింది, ఫైలుతో సహా. అధికారులు రెండుసార్లు వెళ్లి చూసొచ్చారని తెలిసింది. కరపత్రాలు మాయమయ్యాయి. గోడ మీద ఫొటోలు లేని పోస్టరొకటి వెలిసింది, రంగు బొమ్మలతో. క్లినిక్ మటుకు అదే వీధిలో, అదే బోర్డుతో నడుస్తూనే ఉంది. పిచ్చుక ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి వెళుతోంది. తొందరయ్య ఒకసారి ఫోను చేసి, ఆ క్లినిక్ పని వదిలేశామనీ, రావాలనుకుంటే రమ్మనీ చెప్పాడు. ఆమె వెళ్లలేదు. బడిపిల్లల పుస్తకాలు వేసే ప్రెస్సులో చేరింది. అక్కడ కప్పలూ విత్తనాలూ గీయాలి.

రెండు నెలల తర్వాత ఆ వరండా ఆవిడ ఫోను చేసింది. రెండు వేళ్లు తీసేశారట, పాదం దక్కిందట. చెప్పులు ఎలాంటివి వేసుకోవాలో అడుగుతోంది. పిన్ని మిషను ఆపి, అరగంట సేపు, చెప్పు అంచు ఎంత మెత్తగా ఉండాలో, లోపల కుట్టు ఏ పక్క తగలకూడదో విడమరిచి చెబుతూ కూర్చుంది.