దావూద్ రాసిన చీటీ

మా ఆయన దావూద్ పోయాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించి ఇంట్లోనే ఉన్నాను. అది ముగిసిన మరునాడు కల్లూరు నుంచి షేర్ ఆటోలో కర్నూలు కంప్యూటర్ షాపుకు వెళ్లాను. మేము శుభలేఖలు చేసే కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఆయన ఉన్నప్పుడే చెడిపోయింది. ఆయన చీటీ మీద మూడు మోడళ్లు రాసుకున్నాడు. ఒకదాని పక్కన ‘లినక్స్‌లో నడవదు’ అనీ, ఇంకోదాని పక్కన ‘ఒక్క మానిటరే’ అనీ రాసి రెండింటినీ కొట్టేశాడు.

షాపాయన శివప్రసాద్ చీటీ చూసి, "ఇప్పుడు ఒక్కదానివే గదమ్మా, రెండు మానిటర్లెందుకు? ఒక మానిటర్‌కు సరిపోయేది మంచిది ఉండాది, చూపిస్తా" అన్నాడు.

"కొట్టెయ్యకుండా మిగిలిండేది ఇయ్యప్పా" అన్నాను. మా ఆయన అన్నీ ఆలోచించే పోయాడు. మళ్లీ ఈ షాపాయన మొదలుపెట్టడమెందుకు?

ఇంటికొచ్చి కార్డు బిగించి స్విచ్ వేశాను. రెండు తెరలూ వెలిగాయి. చివరిసారి ఆపినప్పుడు ఏవి తెరిచి ఉన్నాయో అవే మళ్లీ తెరుచుకునేలా ఆయన పెట్టాడు. కుడి తెర మీద నేను పూర్తిచేసిన ఉర్దూ శుభలేఖ వచ్చింది. ఎడమ తెర మీద అదే పెళ్లికి ఆయన చేస్తున్న తెలుగుది వచ్చింది. అది పెళ్లికూతురి పేరు దగ్గర ఆగి ఉంది.

ఆ పెళ్లివాళ్లు వేరే చోట అచ్చు వేయించుకున్నారు. పెళ్లీ అయిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు కడుపుతో ఉందట.

నేను ఆయన కుర్చీలో కూర్చుని ఆ పిల్ల పేరు, నిఖా తేదీ, షాదీఖానా పేరు టైపు చేశాను. తప్పులున్నాయేమోనని రెండుసార్లు చదివాను.