మూడు తెల్ల కాగితాలు

ఆఖరు తేదీ ఆ రోజే. సాయంత్రం అయిదింటికి యూనివర్సిటీ వెబ్‌సైటు మూసేస్తారు. ఆ సంగతి వాజిదాకి తెలుసు, కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు వరప్రసాదరావుకీ తెలుసు. అయినా ఒంటిగంటకి భోజనానికని లేచిన ఆ మహానుభావుడు రెండున్నరకి తిరిగొచ్చాడు. కుర్చీ దులుపుకుని, టేబుల్ ఫ్యాను తనవైపు తిప్పుకుని, నోట్లో వక్కపొడి వేసుకుని, అప్పుడు చూశాడు కౌంటరు అవతల నిలబడ్డ మనిషిని.

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు.

మళ్ళీ వచ్చావా అట! నెల రోజుల్లో ఇది నాలుగోసారి. రెండేళ్ళు నిండబోతున్న కూతుర్ని తల్లికి అప్పజెప్పి, సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో బతిమాలి సెలవు తీసుకుని, జగ్గయ్యపేటలో బస్సెక్కి, సీటు దొరక్క చిల్లకల్లు దాటేదాకా నిలబడి నందిగామ వచ్చిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? వాజిదాకి ఒళ్ళు మండింది. పని ఆయన చేతిలో ఉంది కాబట్టి నోరు మూసుకుంది.

"నాది ఇంకా పెండింగ్‌లోనే చూపిస్తోంది సార్. మీరు అప్రూవ్ చేస్తేగాని నాకు కోర్సులు ఓపెన్ అవ్వవు. ఇవాళే ఆఖరు."

"తెలుసులే తల్లీ. ఇరవయ్యారేళ్ళ నుంచి ఈ సీట్లో కూర్చున్నా. నువ్వొచ్చి చెప్పాలా నాకు?"

ఆమె అడిగేది కొండమీది కోతిని కాదు. ఆ కాలేజీలోనే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాది పూర్తిచేసి, కాన్పుకని చదువు ఆపింది. పిల్ల నెలలు నిండకుండా పుట్టడంతో ఆసుపత్రుల చుట్టూ తిరగడానికే రెండేళ్ళు పట్టింది. యూనివర్సిటీ రూల్సు ఆమెకి కంఠతా వచ్చు. మధ్యలో రెండేళ్ళ దాకా విరామం తీసుకోవచ్చు. తిరిగి రావాలంటే సెమిస్టరు మొదలయ్యేలోపు కోర్సులు రిజిస్టర్ చేసుకోవాలి, దానికి కాలేజీ ఆమోదం ఉండాలి. చేరిన నాలుగేళ్ళలోపు డిగ్రీ పూర్తికాకపోతే చదివిందంతా చెల్లదు. మూడేళ్ళు అయిపోయాయి. మిగిలినవి రెండు సెమిస్టర్లు, ఉన్నది ఒక్క ఏడాది. ఇవాళ తప్పితే మళ్ళీ ఎంట్రన్సు రాసి మొదట్నుంచి మొదలుపెట్టాలి. ఆ మాట ఎత్తితే ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు. నిజం చెప్పాలంటే ఆమెకే అంత ఓపిక లేదు.

ఫ్యాక్టరీ ల్యాబులో ఆమెది సున్నపురాయి పొడి శాంపిళ్ళు తూచి, పేర్లు రాసి, పరీక్ష చేసేవాళ్ళకి అందించే కాంట్రాక్టు పని. "ఎమ్మెస్సీ అయిందనిపించమ్మా, కెమిస్టు పోస్టుకి నీ పేరే పంపుతా," అని ల్యాబ్ ఇన్‌ఛార్జి ఎప్పటినుంచో అంటున్నాడు. అందించడం మానేసి తనే పరీక్ష చేసే రోజు కోసం ఆమె కాచుకుని ఉంది.

వరప్రసాదరావు కంప్యూటరు తెరిచి, ఆమె నంబరు కొట్టి, కాసేపు చూశాడు. తర్వాత మానిటరుని మెల్లగా గోడవైపు తిప్పాడు.

"నీది అవ్వదమ్మాయ్."

"ఎందుకవ్వదు?"

"సిస్టమ్ తీసుకోవట్లా. యూనివర్సిటీ రూలు."

"ఏ రూలండీ? నెంబరు చెప్పండి, నేను చదివా అన్నీ."

"నువ్వు చదివితే సరిపోయిందా? అవ్వదంటే అవ్వదు. వెళ్ళి వచ్చే ఏడాది ఎంట్రన్సు రాసుకో."

ఎంత తేలిగ్గా అన్నాడండీ ఆ మాట! బస్సు తప్పితే తర్వాతి బస్సుకి వెళ్ళమన్నంత తేలిగ్గా అన్నాడు. వాజిదా ఇక ఆగలేదు. కౌంటరు పక్కనున్న చిన్న తలుపు నెట్టుకుని లోపలికెళ్ళి, మానిటరుని తనవైపు తిప్పుకుంది.

"ఏయ్, లోపలికి రాకూడదు!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు.

ఆమె పేరు పక్కన ఎర్రక్షరాల్లో ఉంది: స్వచ్ఛందంగా చదువు విరమించుకున్నారు. దాని కింద ఒక ఉత్తరం ఫోటో. "నా కుటుంబ కారణాల వలన, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా చదువు విరమించుకుంటున్నాను." అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. నోటీసు బోర్డు మీద రోజూ చూసిన చేతిరాతే, వరప్రసాదరావుది. కింద సంతకం మాత్రం అచ్చంగా ఆమెదే. తారీఖు రెండేళ్ళ కిందటి ఆగస్టు పంతొమ్మిది.

ఆ తారీఖు చూడగానే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పదహారో తారీఖున నాకు ఆపరేషన్ చేసి పిల్లని తీశారు. పంతొమ్మిదిన నేను జగ్గయ్యపేట ఆసుపత్రిలో కుట్లతో లేవలేక పడున్నా. నందిగామొచ్చి ఈ ఉత్తరం ఎప్పుడిచ్చానండీ మీకు?"

"సంతకం నీదేగా?" అన్నాడు ఆయన. చీమ కుట్టినట్టయినా లేదు ఆ మొహంలో.

సంతకం తనదే. ఎక్కడిదో కూడా ఆమెకి వెంటనే తెలిసిపోయింది.

ఆ కాలేజీలో అదొక పద్ధతి. చేరిన వారంలోనే ప్రతి విద్యార్థి దగ్గరా మూడు తెల్ల కాగితాలు తీసుకుంటారు. పైనంతా ఖాళీ, కింద కుడివైపు సంతకం. పల్లెల నుంచి వచ్చే పిల్లలు, హాల్‌టికెట్లో పేరు తప్పుపడినా, మార్కుల జాబితా కావాలన్నా, ఒక్క అర్జీ కోసం బస్సెక్కి రావాలా? ఆఫీసే రాసి పంపేస్తుంది, ఎవరికీ శ్రమ లేదు. వినడానికి బాగానే ఉంటుంది. ఎవరూ అభ్యంతరం చెప్పరు. తమ బ్యాచి ఇరవైనాలుగు మంది చేతా సంతకాలు పెట్టించి, కాగితాలు వరసగా పేర్చి, దారంతో కట్టి ఈయన చేతికిచ్చింది ఎవరో కాదు, క్లాసు లీడరు వాజిదాయే. ఒక్క సూసన్ మాత్రం పెన్ను పట్టుకుని తటపటాయించింది. "ఏం రాస్తారో ఏంటో వీటి మీద," అంది. వాజిదా పకపకా నవ్వి, "రావు గారు మన ఆస్తులు రాయించుకుంటారటే! పెట్టవే బాబూ, నాకు లేటవుతోంది," అంది. క్లాసంతా నవ్వారు. సూసన్ కూడా నవ్వి పెట్టేసింది.

"ఎందుకు చేశారండీ ఇది?" అంది వాజిదా.

"ఏదో ఘోరం చేసినట్టు మాట్టాడకు. ఆ నెల ఇన్‌స్పెక్షన్ ఉంది. రాని పిల్లల పేర్లు రోల్లో ఉంటే పర్సంటేజీ పడిపోద్ది, కాలేజీకి చెడ్డపేరు. విరామం అని రాస్తే పేరు అట్టాగే ఉంటది, ప్రతి నెలా రిపోర్టు పంపాలి. అయినా కాన్పుకెళ్ళిన పిల్ల మళ్ళీ చదువుకొస్తదని ఎవరనుకున్నారు? నా సర్వీసులో ఎవరొచ్చారు చెప్పు?"

"మీరు రానిస్తేగా రావడానికి!"

అరుపు వరండా దాకా వినిపించి ఉంటుంది. అటెండరు తొంగిచూసి వెనక్కి తగ్గాడు. వరప్రసాదరావు ఇక తేల్చేద్దామని లేచి, ఇనప బీరువా తెరిచాడు. "అసలు కాగితం చూపిస్తా, చూసుకుని ఇంటికెళ్ళు. నీ సంతకం కాదంటే అప్పుడు మాట్టాడు," అంటూ కెమిస్ట్రీ ఫైలు సర్రున లాగాడు. ఆ విసురుకి దాని మీదున్న ప్లాస్టిక్ కవరు జారి కింద పడింది. అందులోంచి నాలుగైదు కాగితాలు నేలమీద పరుచుకున్నాయి.

వాజిదా వంగి తీసింది. కాలేజీ లెటర్‌హెడ్లు అవి. మధ్యలో అక్షరం ముక్క లేదు. కింద పచ్చ సిరాతో ప్రిన్సిపాల్ సంతకం, పక్కన గుండ్రటి స్టాంపు. కవరులో మిగిలినవాటితో కలిపి ఏడు ఉన్నాయి.

"అవి ఇటియ్యి," అన్నాడు వరప్రసాదరావు. మొదటిసారి ఆయన గొంతు మారింది.

ఓహో! విజయవాడ నుంచి వారానికి రెండు రోజులు వచ్చిపోయే ప్రిన్సిపాల్‌దీ ఇదే పద్ధతన్నమాట. పిల్లల సంతకాలు ఒక కట్ట, పెద్దాయన సంతకాలు ఒక కవరు. మధ్యలో ఈయన పెన్ను తీసి ఎవరి నోటితో ఏం కావాలంటే అది పలికిస్తాడు. వాజిదా కాగితాలు ఇవ్వలేదు. కిటికీ దగ్గరికెళ్ళి ఏడింటినీ పరిచి, ఫోన్‌తో ఫోటోలు తీసింది. గోడమీద రాసున్న నంబరు చూసి ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

సంగతంతా విని ఆయన తాపీగా, "నేనివాళ రావట్లేదమ్మా. గురువారం వస్తా, అప్పుడు చూద్దాం," అన్నాడు.

"అయిదింటికి మూసేస్తారు సార్. పొరపాటున మానేసినట్టు పడింది, విరామంగా మార్చండని కాలేజీ లెటర్ పెడితే సవరించే ఆప్షన్ ఇవాళ్టి దాకే ఉంది."

"నా సంతకం లేకుండా లెటరెట్లా వెళ్తదమ్మా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"మీ సంతకాలకేం కొదవ సార్? నా చేతిలో ఏడున్నాయి."

"ఏడేంటి?" అన్నాడాయన.

"ఖాళీ లెటర్‌హెడ్లు సార్. కింద మీ సంతకం, స్టాంపు. ఫోటోలు తీశా. యూనివర్సిటీకి పంపమంటారా, లేకపోతే ఒకటి నా పనికి వాడమంటారా? మీరే చెప్పండి, మీరూ చదువుకున్నవారే."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రావు గారూ, ఉన్నారా అక్కడ? ఆ అమ్మాయి పని చేసిపెట్టండి. ఇప్పుడే." ఫోన్ కట్టయింది.

వాజిదా ఒక లెటర్‌హెడ్ తీసి ప్రింటరు మీద పెట్టింది. "నా సంతకం మీద మీకు కావాల్సింది రాసుకున్నారుగా. ఇప్పుడు సార్ సంతకం మీద నాకు కావాల్సింది నేను చెప్తా, మీరు కొట్టండి."

వరప్రసాదరావు నీళ్ళు నములుతూ కూర్చుని కీబోర్డు దగ్గరకి లాక్కున్నాడు. ఆమె చెప్పింది, ఆయన కొట్టాడు. ప్రింటరు ఒకసారి కాగితం మింగబోతే ఇద్దరూ కలిసి బయటికి లాగారు. స్కాన్ చేసి ఎక్కించారు. ఎర్రక్షరాలు పోయి ఆకుపచ్చవి వచ్చాయి. వాజిదా ఫోనుకి ఓటీపీ వచ్చింది. నాలుగు కోర్సులకి టిక్కు పెట్టి, అయిదోది, తాను ఎప్పటినుంచో కోరుకుంటున్న ఎనలిటికల్ కెమిస్ట్రీకి పెట్టి, ఖాయం చేసింది. రిజిస్ట్రేషన్ పూర్తయిందని మెసేజి వచ్చేసరికి నాలుగూ ఇరవై అయింది.

సంతోషం రావాలి కదా. రాలేదు. తన సీటు తను తెచ్చుకోడానికి బీరువాలోంచి జారిపడ్డ ఖాళీ కాగితం కావాల్సివచ్చిందే!

"ఇక మిగతా రెండు కాగితాలూ ఇచ్చెయ్యండి. నావి."

ఆయన మూడేళ్ళనాటి కట్ట ఆమె ముందు పడేశాడు. తను కట్టిన దారమే. ముడి కూడా తనదే. విప్పి, పేర్లు చూసుకుంటూ తిప్పింది. పరీక్షలు రాసి వెళ్ళిపోయినవాళ్ళవి మూడూ మూడూ అలాగే ఉన్నాయి. తనవి రెండు. ఆ వెనక ఇంకొకరివి కూడా రెండే కనిపించాయి. సూసన్‌వి.

"సూసన్‌ది మూడోది ఏమైందండీ?"

వరప్రసాదరావు ఫ్యాను వంక చూశాడు.

రెండో సెమిస్టరు పరీక్షలయ్యాక సూసన్‌కి కామెర్లొచ్చాయి. తర్వాత కాలేజీలో కనిపించలేదు. "చదువు వద్దని రాసిచ్చి వెళ్ళిపోయింది," అని ఆఫీసులో చెబితే వాజిదా నమ్మింది. నాతో ఒక్క మాట చెప్పకుండా మానేసిందే అని అలిగి, ఫోన్ చెయ్యడం కూడా తగ్గించేసింది. ఇప్పుడు సూసన్ నంబరు నొక్కింది. జగ్గయ్యపేటలో ఒక బట్టల షాపులో పనిచేస్తోందని వినడమే.

"ఏంటే, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంది సూసన్. వెనక ఎవరో చీర రంగు గురించి బేరమాడుతున్నారు.

"నువ్వు చదువు మానేస్తానని కాలేజీకి రాసిచ్చావా?"

"నేనెక్కడ రాసిచ్చానే! అటెండెన్స్ చాల్లేదు, పేరు కొట్టేశారని ఫోన్ చేసి చెప్పారు. డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకుని రెండుసార్లు వచ్చా. రూలు, కుదరదన్నారు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చా. నేనేమీ రాయలేదు, ఏ కాగితం మీదా సంతకం..." అని ఆగింది. "నువ్వే కదే పెట్టించావు. మూడింటి మీద."

వాజిదా ఇందాకటి నుంచి ఎవరిమీద అరుస్తోందో ఆ మనిషి ఎదురుగానే ఉన్నాడు, కానీ ఆ దారం ముడి తన చేతిలో ఉంది. గోడ గడియారంలో నాలుగూ ముప్ఫయి అయిదు.

"అవునే, నేనే పెట్టించా," అంది. "ఆ తిట్లు రేపు తిడుదువుగాని, పడతా. ముందు ఇది చెప్పు, మళ్ళీ చదువుతావా?"

"ఇప్పుడా? షాపులో ఉన్నానే..."

"చదువుతావా చదవ్వా?"

"చదువుతా."

"అయితే ఫోన్ పెట్టెయ్యకు. నీకు ఓటీపీ వస్తుంది, రాగానే చెప్పు." వాజిదా వరప్రసాదరావు వైపు తిరిగింది.

"దానికి మళ్ళీ సార్‌ని అడగాలమ్మా," అని ఆయన గొణిగాడు.

"అడగండి. మీరు అడగలేకపోతే నేను అడుగుతా." మిగిలిన లెటర్‌హెడ్లలోంచి ఇంకొకటి తీసి ఆయన ముందు పెట్టింది. "పేరు సూసన్. కొట్టండి."