బయట మూడు దినాలు

"నీ గాలి తగిలే ఈ చెట్టు గొడ్డుబోయింది మే," అంది నాగలక్ష్మమ్మ, పెరటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

కోడలు ఓబులమ్మ నిమ్మచెట్టు కింద చీపురుతో ఆకులు ఊడుస్తోంది. మూడేళ్లుగా ఆ చెట్టు రాల్చేవి ఆకులూ ఎండు ముళ్లూ మాత్రమే. పూత కూడా వచ్చినట్టే వచ్చి, ఇంట్లోవాళ్ల మొహాలు చూసి వెనక్కి తిరిగిపోతోంది.

"నెలకు మూడు దినాలు దాని పక్కనే పండుకుంటివి. యా చెట్టయినా ఎట్ల తట్టుకుంటాది?"

ఓబులమ్మ ఆకుల్ని ఒక పక్కకు కుప్పగా తోసింది. అత్తగారు ప్రశ్నలా అడిగేవన్నీ తీర్పులే అని ఇరవై ఐదేళ్ల కిందటే తెలిసిపోయింది.

ఉరవకొండలో ఎన్నో ఇళ్లలో ఆ ఆచారం పోయింది గానీ, ఈ ఇంట్లో పోలేదు. ముట్టయితే కోడలు బయటుండాలి. బయట అంటే పెరట్లో నిమ్మచెట్టును ఆనుకుని ఉన్న చిన్న గది. ఒకప్పుడు వేరుశనగ మూటలు వేసేవాళ్లు. ఒక చాప, విడిగా ఒక కంచం, ఒక చెంబు. మూడు దినాలు గడప తొక్కకూడదు, పొయ్యి ముట్టుకోకూడదు. నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి వస్తే మూడు రోజుల అంట్లూ, మూడు రోజుల విడిచిన బట్టలూ చుట్టాల్లా ఎదురొచ్చేవి. పెళ్లయిన కొత్తలో ఆమె ఆ గదిలో ఏడ్చేది. అన్నం కంచాన్ని అత్తగారు కాలి బొటనవేలితో ముందుకు తోస్తే, అనంతపురం కాలేజీలో బోటనీ చదివి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నది ఇందుకేనా అని గోడకేసి తిరిగి పడుకునేది. కొన్నేళ్లు పోయాక ఏడవడం విసుగొచ్చింది. విసుగులో చుట్టూ చూస్తే ఒక సంగతి కనబడింది. ఆ మూడు దినాలూ తనను ఎవరూ పిలవడం లేదు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో "ఓబులమ్మా" అంటే పేరు కాదు, పని. కాఫీ అని దాని అర్థం, లేకపోతే చొక్కా గుండీ, లేకపోతే అత్తగారి మోకాలికి నూనె. ఆ మూడు దినాలు మాత్రం ఆమెను పిలిచినా లాభం లేదు. లైబ్రరీ పుస్తకం గుండెల మీద పెట్టుకుని, కిటికీలోంచి నిమ్మాకుల వాసన వస్తుంటే పట్టపగలు నిద్రపోయేది. దేశంలో ఏ సర్కారూ ఇవ్వని సెలవు దేవుడి పేరు చెప్పి అత్తగారు ఇస్తోందని తెలిసినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ముట్టు గదిలోంచి నవ్వు వినబడితే బాగుండదని కొంగు నోట్లో కుక్కుకుంది.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు జ్యోతి మాత్రం ఫోన్‌లో మండిపడేది. "ఇంకా ఆ గదిలో కూర్చుంటాండావా? సిగ్గు లేదామ్మా? ఎదురు తిరుగు!"

"తిరుగుతాలే," అనేది ఓబులమ్మ. ఎదురు తిరిగితే వంటింట్లోకే వచ్చి పడతానని ఆ పిల్లకు ఎలా చెప్పడం?

పదకొండు నెలల కిందట నెలసరి ఆగిపోయింది. నలభై ఏడో ఏట ఆగడం వింతేమీ కాదు. మొదటి రెండు నెలలూ ఆలస్యమవుతోందనుకుంది. తర్వాత తెలిసింది. ఒక పూట, పీడ విరగడైందనుకుంటూ సంగటి గెలుకుతోంది. గెలుకుతూ గెలుకుతూ ఉండగా ఇంకో సంగతి తట్టి చేయి ఆగిపోయింది. ఇక నెలకు ముప్పై రోజులు. ప్రతి నెలా. అత్తగారు పోయేదాకా, మొగుడు పోయేదాకా, లేదా తను పోయేదాకా. తెడ్డు సంగట్లోనే వదిలేసి పెరట్లోకి నడిచి, "అత్తా, నేను బయటుండా," అంది.

ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. అందరూ నమ్మిన మొదటి మాట కూడా అదే.

అప్పటి నుంచి నెల నెలా రోజులు చూసుకుని బయటుంటోంది. ఒకసారి రెండు రోజులు ముందే పోయి కూర్చుంటే కూడా ఎవరూ గమనించలేదు. ఆమె ఒంటి సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టదని బాధపడాలో, సంతోషించాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం పడింది.

చెట్టు ఎందుకు కాయడం లేదో ఓబులమ్మకు తెలుసు. మూడేళ్ల కిందట భర్త నాగేశ్వర పెరడంతా బురదగా ఉందని తాడిపత్రి బండలు తెప్పించి పరిపించాడు. చెట్టు మొదలు చుట్టూ బెత్తెడు సందు మాత్రం వదిలాడు. ఆ సందులోకి వాషింగ్ మిషన్ పైపు తిప్పాడు. "చెట్టుకు నీళ్లూ అయితాయి, మురుగూ పోతాది. ఎట్లుండాది నా తెలివి?" అన్నాడు. వేర్లకు గాలాడదు, సర్ఫు నీళ్లకు మొదలు కుళ్లుతుంది, ఎండకు బండలు పెనంలా కాలి వేర్లను ఉడకబెడతాయి అని ఆమె చెప్పింది. "నువ్వు చదివింది కాగితాల మీది చెట్లు మే. నేను దినమూ రైతులతో మాట్లాడతాండా," అన్నాడు.

అతనికి బజారులో ఎరువుల అంగడి ఉంది. రైతులతో మాట్లాడతాడన్నది నిజమే. బత్తాయి రైతు ఎవరైనా అంగడికొస్తే, మాట్లాడే ముందు ఇంటికి ఫోన్ చేస్తాడు. "చీనీ ఆకు పసుపైందంట, ఈనెలు మాత్రం పచ్చగానే ఉండాయంట. ఏం లోపం?" ఆమె పోపు మాడకుండా చూసుకుంటూ, "జింకు," అంటుంది. ఫోన్ పెట్టేయడం మరిచిపోతాడు కాబట్టి తర్వాతి మాట కూడా ఆమెకు వినబడుతుంది. "తోట చూడకనే చెప్తాండా అన్నా. జింకు." ఊళ్లో పది తోటలు ఆమె మాట మీద కాస్తున్నాయి. పెరట్లోది మాత్రం ఆయన మాట మీద ఎండుతోంది.

చెట్టునూ ఆడదాన్నీ పోల్చి ఎవరైనా మాట్లాడితే ఓబులమ్మకు ఒళ్లు మంట. చెట్టు ఎవరికీ వండిపెట్టదు. కాసినన్నాళ్లూ ఆ కాయల్ని అత్తగారు ఊరంతా పంచి పేరు తెచ్చుకుంది, ఊరగాయ పెట్టి చేతులు మండించుకుంది తను. అయినా ఆ చెట్టు మీద కోపం లేదు. ఎండాకాలం ఆ గదికి నీడ అదే.

"ఆదివారం కుళ్లాయప్ప వస్తాడు. కొట్టేపిస్తాం," అంది నాగలక్ష్మమ్మ, చిక్కుడుకాయల చాట ఎత్తుకుని లేస్తూ. "గొడ్డు చెట్టు ఇంట్లో ఉండగూడదు."

శనివారం ఓబులమ్మ బయట చేరింది.

ఆదివారం పొద్దున కుళ్లాయప్ప గొడ్డలి, గడ్డపార పట్టుకుని వచ్చాడు. ముసలివాడు, చెట్లు కొట్టడమే పని. గది కిటికీలోంచి ఓబులమ్మకు అతని తలపాగా, నాగేశ్వర బనియన్, గడప మీద అత్తగారి మోకాళ్లు కనబడుతున్నాయి.

"పచ్చగనే ఉండాది కదమ్మా. యాల కొట్టేది?"

"కాయదప్పా. మూడేండ్లాయ. మా కోడలు ముట్టుతో దాని పక్కనే పండుకుంటాది. అంటు తగిలింది."

ముసలాయన గొంతు సవరించుకుని నాగేశ్వర వైపు చూశాడు. నాగేశ్వర బండల వైపు చూశాడు. తర్వాత బండల మీంచి చూపు తీసి, "కానియ్యన్నా, కొట్టు," అన్నాడు.

ఒక్క మాట చెబితే చాలు. ముట్టే లేదు, అంటెక్కడిది అంటే చెట్టు మీది నేరం కొట్టేస్తారు. బండలు తీయించి, పైపు తిప్పించి, పశువుల ఎరువు వేస్తే రెండేళ్లకు కాయొచ్చు కూడా. కానీ ఆ మాటతో ఈ చాప పోతుంది, ఈ మధ్యాహ్నాలు పోతాయి. చెప్పకపోతే చెట్టు పోతుంది, చాప మిగులుతుంది. ఎంతో చదివిన మనిషి ఒక నిమ్మచెట్టు కోసం నెలకు మూడు రోజుల బతుకు వదులుకుంటుందా? వదులుకోదు. పడుకోవాలి. పుస్తకంలో వేలు పెట్టిన పేజీ అలాగే ఉంది. ఆమె అటు తిరిగి పడుకుంది.

గొడ్డలి మొదటి దెబ్బ గోడలోంచి వచ్చి వీపుకు తగిలింది.

రెండో దెబ్బకు ఆమె పెరట్లో ఉంది. మొదలు మీద అరచేయి పెట్టి నిలబడింది. కుళ్లాయప్ప ఎత్తిన గొడ్డలి పైనే ఆపేశాడు.

"మే! ముట్టుతో ముట్టుకుంటాండావా!" నాగలక్ష్మమ్మ లేవబోయి మోకాలు పట్టుకుంది.

"ముట్టు లేదత్తా. ఆగి పదకొండు నెలలైంది."

కుళ్లాయప్ప గొడ్డలి కిందికి దించాడు. లోపల వాషింగ్ మిషన్ గిరగిరా తిరుగుతోంది.

"మరి నెల నెలా పోయి కూర్చుంటివే?"

"కూర్చుంటి."

"యాల?"

"ఆ గదిలో అయితే ఎవరూ పిలవరని."

నాగేశ్వర మొహం ఎర్రబడింది. "బయటోళ్ల ముందర ఏం మాటలే ఇవి? సిగ్గుండాల." కుళ్లాయప్ప అతన్ని వినిపించుకోకుండా కూర్చుని, మొదలు పక్క బండ కిందికి గడ్డపార దూర్చి పైకెత్తాడు. మట్టి నల్లగా, జిగటగా ఉంది. సబ్బు వాసన, దాని కింద ఇంకేదో వాసన. చేత్తో ఒక వేరు లాగితే తోలు ఊడి చేతికొచ్చింది.

"అంటూ లేదు, ఏం లేదు. ఊపిరాడక కుళ్లింది," అన్నాడు. "ఇది ఎప్పుడో సచ్చింది తల్లీ. ఆకులకింకా తెలీల్యా."

ఓబులమ్మ అరచేయి తీసేసింది. ముసలాయన ఆమె పక్కకు జరిగేదాకా ఆగి, మళ్లీ గొడ్డలి ఎత్తాడు. పచ్చని కొమ్మ ఒకటి బండల మీద పడి, ముళ్లతో సహా కొంచెం దూరం జారింది. ఆ గదికి ఇక నీడ లేదు. చెట్టూ పోయింది, అబద్ధమూ పోయింది. ఒక్క పూటలో రెండూ పోగొట్టుకున్న తెలివికి ఫస్ట్ క్లాసు ఎవరిచ్చారో అనుకుంది.

బండలు పరిచింది ఎవరో ఎవరూ అనలేదు.

"సరే, అయిందేదో అయింది," అంది నాగలక్ష్మమ్మ, గొంతు మామూలుగా పెట్టి. "ఇంక నీకేం అడ్డం? లోపలికి పోయి అందరికీ కాఫీ పెట్టు. నాకు చక్కెర తక్కువెయ్యి."

"మిషన్ అయిపోయినట్టుండాది, బట్టలు కూడా ఆరెయ్యి," అన్నాడు నాగేశ్వర.

ఓబులమ్మ కొమ్మను దాటుకుంటూ గది దాకా నడిచింది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఈ పొద్దు రెండో దినమే కదత్తా," అంది. "రేపు కూడా బయటే ఉంటా."

తలుపు వేసుకుంది.